సీలు వేసిన వాచీ

"ఆపెయ్ ఇందూ. ఈ వాచీ ఇంటికొచ్చి పదకొండు రోజులైంది. పదకొండు రోజుల్నుంచీ ఇదే పంచాయితీ" అన్నాడు పురుషోత్తం, ఇడ్లీ ముక్కని చట్నీలో ముంచుతూ.

"ఆపడానికి వీల్లేదు" అంది అతని తల్లి కామేశ్వరమ్మ, కొడుకు వైపు చూడకుండానే. "అది ఆపితే నా కాఫీ సంగతేంటి?"

పంచాయితీ అంతా పురుషోత్తం భార్య ఇందుమతి ఎడమ చేతికున్న స్మార్ట్‌వాచీ గురించి. కూతురు లహరి డిగ్రీ కాలేజీలో లెక్చరరుగా చేరిన నెలలోనే తల్లికి దాన్ని కొనిపెట్టింది. అందులో 'ఆల్వేస్ ఆన్' అని ఒక సదుపాయం ఉంది. అది పెట్టుకుంటే వాచీ ముఖం రాత్రీ పగలూ వెలుగుతూనే ఉంటుంది. తీసేస్తే, చెయ్యెత్తి చూసుకున్నప్పుడు మాత్రం వెలిగి, వెంటనే నల్లబడిపోతుంది. విషయం ఇంతే. కానీ ఆ ఇంట్లో ఇంతకన్నా చిన్న విషయాలకు కూడా రెండు పక్షాలు ఏర్పడిన సందర్భాలున్నాయి.

పురుషోత్తం, ఎవరూ లేని గదిలో ఫ్యాను తిరుగుతోందని తెలిస్తే అన్నం ముందు నుంచి లేచి వెళ్ళి ఆపి వచ్చే మనిషి. చూసేవాళ్ళు లేకుండా ఒక వస్తువు వెలగడం అన్నది అతనికి మింగుడుపడదు. పైగా వెలుగుతూ ఉంటే వాచీ సాయంత్రానికల్లా చార్జింగ్ అయిపోయి పడుకుంటోంది. ఆపితే రెండు రోజులు వస్తుంది. ఈ లెక్క అతను రోజూ చెబుతున్నాడు.

కామేశ్వరమ్మ లెక్క వేరు. ఆవిడ పొద్దున్నే పరగడుపున థైరాయిడ్ మాత్ర వేసుకోవాలి. వేసుకున్నాక అరగంట దాకా కాఫీ తాగకూడదు. రోజు మొత్తంలో ఆవిడకు అన్నిటికన్నా పొడుగైన భాగం ఆ అరగంటే. గోడ గడియారం ముందు గదిలో ఉంది. కోడలి చెయ్యేమో వంటింట్లో కళ్ళెదురుగా ఉంటుంది. ఇందుమతి ఉప్మా కలుపుతుంటే చాలు, కుర్చీలో కూర్చునే నిమిషాలు చూసుకోవచ్చు. వాచీ ఆరిపోతే టైమెంతని అడగాలి. అడిగితే కొడుకు "ఇంకా పది నిమిషాలుందమ్మా" అంటాడు. నిజంగా రెండు నిమిషాలే ఉన్నా సరే అలాగే అంటాడని ఆవిడ అనుమానం.

"అమ్మా, నీ చెయ్యి, నీ వాచీ, నీ ఇష్టం" అంది లహరి. దాన్ని ఆ ఇంట్లో ఎవరూ ఒక అభిప్రాయం కింద లెక్కవెయ్యలేదు.

ఇందుమతి రెండు పక్షాలకూ అన్యాయం జరక్కుండా చూసింది. ఇంట్లో ఉన్నంతసేపూ వాచీని వెలిగించి ఉంచేది. ఆఫీసుకు బయల్దేరేటప్పుడు ఆపేసేది. ఇరవయ్యేడేళ్ళ కాపురం ఇలాంటి సర్దుబాట్లమీదే నడిచింది కాబట్టి ఇది కూడా నడిచిపోతుందనే అనుకుంది.

ఆమె పనిచేసేది జిల్లా ప్రామాణిక కొలమానాల కార్యాలయంలో. ఆ పేరు బోర్డుమీద తప్ప ఎవరి నోటా వినబడదు. ఊళ్ళో అందరూ దాన్ని రాళ్ళాఫీసు అంటారు. కిరాణా కొట్ల తూకపు రాళ్ళు, బట్టల షాపుల మీటరు కర్రలు, మార్కెట్లో కాటాలు సరిగ్గా ఉన్నాయా లేదా చూసి, ఉన్నవాటికి సీసపు ముద్ర వేసి, లేనివాటిని పట్టుకొచ్చి గోదాములో పడెయ్యడం దాని పని. అక్కడ ఇందుమతి పంతొమ్మిదేళ్ళుగా సీనియర్ అసిస్టెంటు. మొన్న మే నెలలో సూపరింటెండెంటు పోస్టు ఖాళీ అయింది. పై ఆఫీసుకి వెళ్ళాల్సిన ప్రమోషన్ల లిస్టులో మొదటి పేరు ఇందుమతిదే. ముప్పయ్యో తారీఖు సోమవారం నాడు లిస్టు వెళ్తుంది. ఈలోగా ఆమెమీద మెమో గానీ, కేసు గానీ ఏదీ ఉండకూడదు. అదొక్కటే షరతు. పంతొమ్మిదేళ్ళలో ఒక్క మెమో కూడా లేని మనిషికి ఈ మూడు వారాలు ఒక లెక్కా? కామేశ్వరమ్మ అప్పుడే పక్కింటివాళ్ళతో "మా సూపర్నెంటు ఇంకా రాలేదు" అనడం మొదలుపెట్టింది.

ఆ రోజు ఆఫీసుకి కూరగాయల అంకమ్మ వచ్చింది. ఆమె ఎలక్ట్రానిక్ కాటాను అంతకు ముందురోజు ఇన్‌స్పెక్టర్ మస్తాన్ వలీ పట్టుకొచ్చి గోదాములో పెట్టాడు. కాటా తప్పు తూచిందని కాదు. తూకం సరిగ్గానే ఉంది. కానీ పళ్ళెంలో ఏమీ లేనప్పుడు దాని అంకెలు ఆరిపోతున్నాయి. 'కొలత పరికరపు రీడింగు వినియోగదారునికి సర్వకాల సర్వావస్థలయందు కనబడవలెను' అని రూలు.

"వంకాయలేస్తే ఎలుగుద్ది బాబుగోరూ. తీసేస్తే ఆరిపోద్ది. పళ్ళెంలో ఏం లేనప్పుడు ఎలిగి, ఎవుళ్ళకి ఏం జూపిద్ది?" అంది అంకమ్మ.

జిల్లా కొలమానాధికారి కోదండపాణిగారు కళ్ళజోడు సర్దుకున్నారు. "సదరు నిబంధనలో వంకాయల ప్రస్తావన లేదమ్మా. సర్వావస్థలు అన్నప్పుడు పళ్ళెం ఖాళీగా ఉన్న అవస్థ కూడా అందులో చేరుతుంది."

అంకమ్మ ఆయన వైపు చూసింది. తరవాత పక్క టేబుల్ దగ్గర రిజిస్టరు రాస్తున్న ఇందుమతి వైపు చూసింది. "మరి ఆయమ్మ సేతికున్నది గూడా సీకటిగానే ఉందిగా? అది కొలిసేది గాదా?"

కోదండపాణిగారు ఏ ప్రశ్ననైనా ఊరికే నోటిమాటతో వదిలిపెట్టే అధికారి కాదు. "గడియారం కాలాన్ని కొలుస్తుంది. కనుక అది కొలత పరికరమే. ప్రశ్న సహేతుకంగా ఉంది" అన్నారు. "ఇందుమతిగారూ, ఒక ఫైలు తెరవండి."

ఇందుమతి తెరిచింది. 'విషయం: ఈ కార్యాలయపు సీనియర్ అసిస్టెంటు శ్రీమతి ఇందుమతి ఎడమ చేతి గడియారము తనంతట తాను ఆరిపోవుట గురించి' అని తన దస్తూరీతోనే రాసింది. పంతొమ్మిదేళ్ళ అలవాటు కొద్దీ నంబరు కూడా వేసింది.

మర్నాటికి సర్క్యులర్ వచ్చింది. ఇతరుల కాటాలను పరీక్షించే కార్యాలయపు ఉద్యోగులు తామే చీకటి పరికరాలను ధరించుట శోచనీయమని, స్వయంప్రకాశక గడియారములు కలవారు వాటిని నిరంతరాయముగా వెలిగించి ఉంచవలెనని, ప్రభుత్వోద్యోగి ఇరవై నాలుగు గంటలూ ఉద్యోగియే కనుక గృహమునందును ఇది వర్తించునని అందులో ఉంది. ఆఫీసు మొత్తంమీద అలాంటి వాచీ ఉన్నది ఇందుమతి ఒక్కదానికే. అయినా సర్క్యులర్ పధ్నాలుగు మందికీ పంచి అందరి సంతకాలూ తీసుకున్నారు.

ఇక ఇంట్లో పంచాయితీ తెగిందని ఇందుమతి నిజానికి సంతోషించింది. సాయంత్రం టీ వేళకి ఇంట్లో సర్క్యులర్ పైకి చదివింది.

"చూశావా!" అంది కామేశ్వరమ్మ. "గవర్నమెంటు నా పక్షాన ఉంది."

"గవర్నమెంటుకి మన ఇంట్లో దీపాలతో పనేంటి?" అన్నాడు పురుషోత్తం.

"దీపాలతో కాదండీ, నా చేత్తో పని" అంది ఇందుమతి.

మూడో రోజు మధ్యాహ్నం మూడూ నలభైకి వాచీ చార్జింగ్ అయిపోయింది. కోదండపాణిగారు ఆమెను పిలిపించారు. మనిషి కఠినుడు కాదు. కూర్చోమన్నారు కూడా.

"పనివేళల్లో మీ పరికరం ఆరిపోయింది. నియమం ప్రకారం మెమో ఇవ్వాలి. కానీ లిస్టులో మీ పేరుంది. మెమో పడితే పేరు పోతుంది. అందుకని మౌఖికంగా హెచ్చరించి వదిలేస్తున్నాను."

"చాలా థాంక్సండీ."

"మౌఖిక హెచ్చరిక అందినట్టు ఇక్కడ సంతకం పెట్టండి. మూడు కాపీలు."

అప్పట్నుంచి ఇందుమతి భోజనం వేళ వాచీని చార్జింగులో పెట్టి, మళ్ళీ చేతికి పెట్టుకునేది. వారం గడిచింది. అప్పుడు కోదండపాణిగారికి రూలులోని 'వినియోగదారునికి' అన్న మాట గుర్తుకొచ్చింది. కొట్లో కాటా రీడింగు కొట్టువాడి వైపు ఉంటే సరిపోదు, కొనేవాడి వైపు ఉండాలి. అలాగే ప్రభుత్వోద్యోగి గడియారం ప్రజల వైపు ఉండాలి. ఇందుమతి వాచీని తలకిందులుగా తిప్పి కట్టుకుంది. ఇప్పుడు అంకెలు ఎదురుగా కూర్చున్నవాళ్ళకి చక్కగా కనబడుతున్నాయి. ఆమెకు మాత్రం తలకిందులుగా కనబడుతున్నాయి. తొమ్మిదేదో ఆరేదో తేల్చుకోలేక, లైసెన్సుల కోసం వచ్చిన కొట్లవాళ్ళని "ఎంతైందండీ?" అని అడిగేది. వాళ్ళు వంగి ఆమె చెయ్యి చూసి చెప్పేవాళ్ళు.

"ప్రజలకు సేవ చేస్తున్నారు మీరు. ప్రజలూ మీకు సేవ చేస్తున్నారు" అని కోదండపాణిగారు మెచ్చుకున్నారు.

తరవాత ప్రామాణిక పరీక్ష. ఏ పరికరాన్నైనా ఆఫీసులోని ప్రామాణికంతో పోల్చి చూడాలి కదా. కాలానికి ఆ ఆఫీసులో ఉన్న ప్రామాణికం, కోదండపాణిగారి బల్ల వెనకున్న గోడ గడియారం. పూర్వం ఎప్పుడో ఎవరో ఒకాయన దానికి సీలు వేసి వెళ్ళాడు. పోల్చి చూస్తే ఇందుమతి వాచీ ఏడు నిమిషాలు ముందుంది.

"తప్పుడు పరికరం" అన్నారు కోదండపాణిగారు, నిజంగా బాధపడుతూ.

"గోడ గడియారమే వెనకుందేమోనండీ. మా లహరి చెప్పింది, ఈ వాచీకి టైము ఫోన్లోంచి వస్తుందట. ఫోనుకేమో ఆకాశంలో ఉపగ్రహం నుంచట."

కోదండపాణిగారు కాసేపు ఆలోచించారు. "ఆ ఉపగ్రహానికి మన సీలు ఉందా?"

"లేదండీ."

"మరి గోడ గడియారానికి ఉంది."

ఆ మాటతో ఏడు నిమిషాల తేడాను నమోదు చేశారు. ఇక ముందు ఎవరూ వాచీ సెట్టింగులను ముట్టుకోకుండా దానికి కూడా సీలు వెయ్యాలని నిర్ణయమైంది. ఆ పని మస్తాన్ వలీమీద పడింది. అతను పట్టకారు, సన్నటి ఇనప తీగ, సీసపు గుండు తెచ్చి ఆమె ఎదురుగా కూర్చున్నాడు. వాచీ పట్టీ కన్నాల్లోంచి తీగ దూర్చి, రెండు కొసలూ సీసపు గుండులో పెట్టి, పట్టకారుతో నొక్కాడు. గుండుమీద ఆఫీసు గుర్తు పడింది.

"మేడమ్, బిగుతైందా?" అన్నాడు, తలెత్తకుండానే. "నేనేం చెయ్యను, ఆర్డరు."

"పర్లేదు వలీగారూ. మీరేం చేస్తారు."

"బంగాళాదుంపల కాటాకి కూడా ఇంతే బిగిస్తాను మేడమ్. మీకని ఎక్కువ బిగించలా."

సీలు గడువు ఏడాది. గడువులోగా దాన్ని తెంపితే నేరం.

ఇంట్లో కామేశ్వరమ్మ ఆ సీసపు గుండును వేలితో తడిమి చూసింది. "ఇదెప్పుడు తీస్తారే?"

"వచ్చే ఏడు, అత్తయ్యా."

"స్నానం?"

"దీంతోనే."

అసలు సంగతి పట్టుకున్నది పురుషోత్తం. అతను ఆ వాచీని పదకొండు రోజులు వ్యతిరేకించిన మనిషి కాబట్టి దాని గుణం బాగా తెలుసు. "ఇందూ, దీనికి చార్జింగు పెట్టేది వెనక వైపు. అంటే చేతికి ఆనుకునే వైపు. తియ్యకుండా ఎలా పెడతావు?"

తీగకీ చేతికీ మధ్య అగ్గిపుల్ల కూడా దూరదు. చార్జింగు పెట్టాలంటే సీలు తెంపాలి. తెంపితే కేసు, లిస్టులోంచి పేరు పోతుంది. పెట్టకపోతే వాచీ ఆరిపోతుంది. ఆరిపోతే మెమో, అప్పుడూ లిస్టులోంచి పేరు పోతుంది. మర్నాడు మధ్యాహ్నం రెండింటికి వాచీ ఆరిపోయింది.

ఆరిపోవడానికి కారణం ఆఫీసు సీలే కాబట్టి కోదండపాణిగారు మెమో ఆపి, తలుపులు వేయించి మీటింగు పెట్టారు. ఇరవై మూడో తారీఖున పై ఆఫీసుకు ఉత్తరం వెళ్ళింది. 'నిరంతరాయముగా వెలుగవలసినదియు, సీలు కారణముగా వెలిగింపరానిదియు నగు గడియారము విషయమై తగు మార్గదర్శకములు కోరుట గురించి.' ఇరవయ్యైదున జవాబు వచ్చింది. 'సదరు విషయమై జిల్లా స్థాయిలోనే నిబంధనల ప్రకారం తగు చర్య గైకొనవలెను.' కోదండపాణిగారు దాన్ని రెండుసార్లు చదివి, ఎంతో స్పష్టంగా ఉందని ఫైల్లో పెట్టించారు.

ఆ 'తగు చర్య' ఏమిటో తేలేదాకా తాత్కాలిక ఏర్పాటు ఒకటి చేశారు. పనిచెయ్యని కాటాలకు కట్టే అట్టముక్క ఉంటుంది. దాన్ని పురికొసతో ఆమె మణికట్టుకి కట్టించారు. 'పనిచేయుట లేదు. వినియోగింపరాదు' అని దానిమీద ఎర్ర సిరాతో ఉంది. ఆ సాయంత్రం బస్సులో ఒకావిడ ఆ అట్ట చదివి, అయ్యో పాపం అనుకుంటూ లేచి సీటిచ్చింది.

పట్టీ కింద చర్మం ఎర్రగా కమిలింది. తరవాత పొక్కింది. లహరి ఆయింట్‌మెంటు తెచ్చి దూదితో తీగ చుట్టూ రాస్తూ, "నేనే కొన్నాను దీన్ని. నేనే తెంపేస్తానమ్మా" అంది.

"తెంపెయ్యండే" అంది కామేశ్వరమ్మ. "నా కాఫీ నేను అరగంట కాకపోతే గంటాగి తాగుతాను. మనిషి చెయ్యి కుళ్ళిపోతుంటే సూపర్నెంటు ఎందుకూ?"

"నువ్వూరుకో అమ్మా" అన్నాడు పురుషోత్తం. "ఇక నాలుగు రోజులే. పంతొమ్మిదేళ్ళు ఆగినదానికి నాలుగు రోజులు ఓపిక పట్టలేదా? పోస్టు వచ్చాక సీలు తీయమని ఆర్డరు తనే వేసుకుంటుంది." అని భార్య చేతికి తడి తగలకుండా అంట్లు తనే తోమడానికి లేచాడు.

ఇందుమతి ముగ్గురి మాటా వింది. చెయ్యి సలుపుతూనే ఉంది. అయినా నాలుగు రోజులు ఆగగలదు. అది ఆమెకూ తెలుసు.

శనివారం నాడు కోదండపాణిగారు అంకమ్మ కాటా ఫైలు ఆమె ముందు పెట్టారు. అంకమ్మ మూడు వారాలుగా రోజు విడిచి రోజు వస్తూనే ఉంది. ఆ రోజు కూడా గుమ్మం పక్కన బెంచీమీద కూర్చుని ఉంది.

"ఆ కాటాను సుత్తితో ధ్వంసం చేయవలెనని తుది ఉత్తర్వు తయారు చెయ్యండి" అన్నారాయన. "సొంత ఉద్యోగి గడియారాన్నే వదలని కార్యాలయం ఇది అని ఉదాహరించండి. మీ సంతకంతో పెడితే బలంగా ఉంటుంది. ఎల్లుండి లిస్టుతోపాటే ఇదీ పై ఆఫీసుకి వెళ్తే, మీ చిత్తశుద్ధి వాళ్ళకి కనబడుతుంది."

ఆయన లోపలికి వెళ్ళాక అంకమ్మ లేచి వచ్చి ఇందుమతి చెయ్యి పట్టుకుని చూసింది. అట్టముక్కని పక్కకి తిప్పి, తీగ కింద పుండు చూసి నాలిక కరుచుకుంది.

"నేనేదో నోరు జారి అన్నా తల్లీ. ఈళ్ళు ఇట్టా జేస్తారనుకోలా."

"నీ తప్పేం లేదులే అంకమ్మా."

"నా కాటా నయం. గోదాములో పడుంది గానీ దానికి నొప్పి లేదు." కొంగులోంచి ఎండిన పసుపు కొమ్ము తీసి బల్లమీద పెట్టింది. "అరగదీసి రాయి. రేపటికల్లా తగ్గిద్ది. మరి నా సంగతేం రాశారమ్మా?"

"కూర్చో. ఇంకా రాయలేదు" అంది ఇందుమతి.

ఆమె చాలాసేపు కలం పట్టుకుని కూర్చుంది. ఆమె దస్తూరీ మంచిదని ఆఫీసులో పేరు. ఆ దస్తూరీతో పంతొమ్మిదేళ్ళలో ఎన్ని ఉత్తర్వులు రాసిందో లెక్కలేదు. ఆమెను ఎప్పుడూ ఎవరూ ఏమనుకుంటున్నావని అడగలేదు. ఆమె కూడా చెప్పలేదు. చివరికి నాలుగు వాక్యాలు రాసింది.

'పళ్ళెంలో సరుకు లేనప్పుడు కాటా ఆరిపోవుటవల్ల కొనేవారికి నష్టం లేదు. సరుకు పెట్టినప్పుడు సరిగా తూగుచున్నది. చూచేవారు లేనప్పుడు గడియారం ఆరిపోవుటవల్ల కూడా ఎవరికీ నష్టం లేదు. కాటాను వెంటనే అంకమ్మకు తిరిగి ఇవ్వవచ్చును.'

కింద సంతకం చేసి, తారీఖు వేసి, లోపలికి తీసుకెళ్ళి ఇచ్చింది.

కోదండపాణిగారు చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయనకు కోపం రాలేదు. అయోమయంగా చూశారు, అంతే.

"ఇది మీ అభిప్రాయమా?"

"అవునండీ."

"ఫైల్లో అభిప్రాయమా!" ఆయన గొంతు తగ్గించారు. "ఇందుమతిగారూ, ఎల్లుండి లిస్టు. దీన్ని చింపేస్తే నేను చూడనట్టే ఉంటాను."

"నంబరు వేశానండీ" అంది ఇందుమతి.

నంబరు వేసిన కాయితాన్ని చింపే అధికారం ఆ ఆఫీసులో ఎవరికీ లేదు. కోదండపాణిగారు ఆ సంగతి గ్రహించి నిట్టూర్చారు. రూలు ప్రకారం, సంతకంతో ఉన్న సిఫార్సును తిరస్కరించాలంటే కారణం రాయాలి. ఆయన గంటసేపు కారణం కోసం వెతికారు. దొరకలేదు. సాయంత్రం నాలుగున్నరకి 'సిఫార్సు మేరకు' అని రాశారు. ఆ కిందనే, అధికారి ఉత్తర్వుకు విరుద్ధంగా రాసినందుకు ఇందుమతికి మెమో కూడా రాశారు. మస్తాన్ వలీ గోదాములోంచి కాటా తెచ్చి, కొంగుతో దాని దుమ్ము తుడవబోయిన అంకమ్మని ఆపి, తనే జేబురుమాలుతో తుడిచి ఇచ్చాడు.

ఆదివారం మధ్యాహ్నం అందరూ భోజనాలకు కూర్చున్నారు. గుత్తి వంకాయ కూర చేసింది ఇందుమతి. అందరికీ వడ్డించి, తనూ కూర్చుని, ఎడమ చెయ్యి కంచం పక్కన పెట్టింది. చేతికి వాచీ లేదు. పుండు చుట్టూ పసుపు రాసి ఉంది. వాచీ పక్కనున్న స్టూలుమీద చార్జింగులో ఉంది. దాని ముఖం నల్లగా ఉంది. తెగిన తీగ, సీసపు గుండు పక్కనే ఒక చిన్న గిన్నెలో ఉన్నాయి.

ముందు చూసింది లహరి. తరవాత పురుషోత్తం చూశాడు. అతను నోట్లో పెట్టుకోబోయిన ముద్ద కంచంలోకి దించేశాడు. "ఇందూ, ఎల్లుం... రేపే కదా లిస్టు?"

"ఆ. పొద్దున్న కత్తెరతో తెంపాను. రేపు వెళ్ళగానే తెంపానని రాసిస్తాను. మెమో నిన్ననే వచ్చింది. లిస్టులో నా పేరు ఉండదు."

పురుషోత్తం ఆ పసుపు రాసిన చేతిని చూసి, దించిన ముద్ద మళ్ళీ ఎత్తుకున్నాడు. కామేశ్వరమ్మ కాసేపు కోడలి ముఖంలోకి చూసింది. ఆ తరవాత నెయ్యి గిన్నె అందుకుని, ఎవరూ అడక్కుండానే ఆమె అన్నంలో ఒక చెంచా వేసింది.

"మరి వాచీ?" అంది, చాలా మెల్లిగా. "వెలిగిస్తావా, ఆపుతావా?"

"ఆపేశాను, అత్తయ్యా" అంది ఇందుమతి, అన్నం కలుపుకుంటూ. "ఇకనుంచీ అది నేను చూసుకున్నప్పుడే వెలుగుతుంది."